రైలుపెట్టెలో యుద్ధం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చాలా ఏళ్ళు హిందీ పాఠం చెప్పినదాన్ని కాబట్టి సాహిత్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. సముద్రం లేని మన జిల్లాలో, దామగుండం అడవిలో, జలాంతర్గాములకు కబురు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ఆ అడవి తగవు వేరే మాట. యుద్ధం మనకు దూరమని మాత్రం ఇక అనుకోలేం. అందుకే, కథల్లో సైనికుడూ అతని ఇల్లూ ఎట్లా కనిపిస్తాయో చెప్తాను.

తాండూరులో బండెక్కితే వికారాబాదు వచ్చేలోపు ఎదుటి సీటువాళ్ళ ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి కదా. ఇటలీ రచయిత పిరాండెల్లో ‘యుద్ధం’ కథను అట్లాంటి రైలుపెట్టెలోనే నడిపాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. ఒక్కగానొక్క కొడుకు మూడు రోజుల్లో యుద్ధానికి పోతున్నాడని ఒక తల్లి కుమిలిపోతుంటుంది. ఒక్క కొడుకున్నవాడి బాధ ఎక్కువా, ఇద్దరున్నవాడిదా అని మిగతావాళ్ళు వాదించుకుంటారు. అప్పుడొక లావుపాటి పెద్దాయన అందుకుంటాడు. బిడ్డలు మన సొత్తు కాదు, నా కొడుకు సంతోషంగా ప్రాణమిస్తున్నానని కబురు పంపాడు, నేను ఏడవను అంటాడు. అందరూ మెచ్చుకుంటారు. ఆ తల్లి మాత్రం కలలోంచి లేచినట్టు, అయితే మీ అబ్బాయి నిజంగానే పోయాడా అని అడుగుతుంది. ఆయన బావురుమంటాడు. కథ అక్కడికి ముగుస్తుంది.

ఒక్క తుపాకీ పేలదు. పిరాండెల్లో కొడుకు స్టెఫానో ఆ యుద్ధంలోనే ఖైదీగా చిక్కాడు. కొడుకు జాబు కోసం ఎదురుచూడటమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గులేరి రాసిన ‘ఉస్‌నే కహా థా’ 1915లో ‘సరస్వతి’ పత్రికలో వచ్చింది. దాన్ని ప్రేమకథ అంటారు గానీ, నాకు గుర్తుండేది అందులోని కందకం చలి. జబ్బుపడ్డ బోధాసింగ్‌కు లహనాసింగ్ తన ఉన్ని జెర్సీ తొడుగుతాడు, నాకు ఇంకొకటి ఉందిలే అని అబద్ధమాడి. తర్వాత తన గాయం దాచి తండ్రీకొడుకులను బండెక్కిస్తాడు. చివరికి అతను పత్రికలో ఒక పంక్తి అవుతాడు. సుబేదారు భార్యకు అతను నిలబెట్టిన మాట ఆ పంక్తిలో ఉండదు.

ఆ యుద్ధానికి మన హైదరాబాదు సంస్థానం రౌతులూ పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్లది. వాళ్ళ కోసం ఇంటి దగ్గర ఎదురుచూసినవాళ్ళ మీద తెలుగు కథ నా కంటబడలేదు. సాయుధపోరాటం మీద మనకు కథలున్నాయి. జీతానికి పోయిన సిపాయి మీద తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో తెలుగు సిపాయిని చూడటానికి 2015లో ‘కంచె’ సినిమా దాకా ఆగాల్సి వచ్చింది.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడైనప్పుడు రాష్ట్రమంతా ఆ ఇంటివైపు చూసింది. కెమెరాలు వెళ్ళిపోయాక అట్లాంటి ఇళ్ళల్లో గడిచే రోజులు వార్త కావు. కథకు కావలసింది ఆ రోజులే.

తిరిగొచ్చినవాళ్ళ సంగతి హెమింగ్వే రాశాడు, ‘సోల్జర్స్ హోమ్’ కథలో. క్రెబ్స్ ఆలస్యంగా ఇల్లు చేరతాడు. అప్పటికే ఊరికి యుద్ధం కబుర్లు మొహంమొత్తాయి. వినేవాళ్ళ కోసం అబద్ధాలు కలుపుతాడు, ఆ తర్వాత తన జ్ఞాపకాలంటే తనకే రోత పుడుతుంది.

మా వీధిలో ఒకాయన పదిహేడేళ్ళు ఫౌజులో చేసి వచ్చి, సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా కుదిరాడు. ఆయన్ని పేరుతో ఎవరూ పిలవరు, ‘మిలిటరీ అన్నా’ అంటారు. అడిగేది ఒక్కటే, క్యాంటీన్ రమ్ము ఉందా అని. దీపావళి నాడు ఆయన తలుపులన్నీ మూసి టీవీ పెద్దగా పెట్టుకుంటాడని ఒకసారి వాళ్ళావిడ చెప్పింది. ఏమైందో ఎన్నడూ అడగలేదా చెల్లే అన్నాను.

“అడిగితే చెప్తడక్కా. ఇన్నంక నేనేం జెయ్యాలె?” అన్నది.

ఆ మాట నేను ఏ కథలోనూ చదవలేదు.

మన బడిలో చదివి ఫౌజుకు పోయొచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. భోజనాల దగ్గర మీ పక్కన, మీ ఇంటివాళ్ళ పక్కన కూర్చుంటాను. రమ్ము సంగతి అడగను.