తూకానికి వేసేముందు



పండక్కి ఇల్లు దులపడం మొదలుపెట్టామంటే ముందుగా అడ్డమొచ్చేవి పుస్తకాలే కదూ! అటక మీద పిల్లల పాత పాఠ్యపుస్తకాలు, అత్తగారు దాచుకున్న వారపత్రికలు, పత్రికల్లోంచి తీసి దారంతో కుట్టిన సీరియళ్ళు. వీధిలో పాతపేపర్లవాడి కేక వినపడగానే అన్నీ కలిపి తూకానికి వేసేస్తాం. ఇల్లు ఖాళీ అయిందని మనకీ హాయిగానే వుంటుంది. అయితే నిన్నటి పేపరుకీ, మళ్ళీ అచ్చుకాని పుస్తకానికీ తేడా త్రాసుకి తెలియదు. అది తెలిసినవారు పాతపుస్తకాలు అమ్మేవాళ్ళు. ఇవాళ వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పారిస్ నగరంలో సేన్ నది గట్టుగోడల మీద ముదురాకుపచ్చ రంగు పెట్టెలు బిగించి వుంటాయి. పొద్దున మూత ఎత్తితే అదే దుకాణం, సాయంత్రం మూత వేస్తే అదే గోదాము. వీళ్ళని బుకినిస్తులంటారు. వందల ఏళ్ళనాటి వృత్తి. ఇప్పటికీ రెండు గట్లమీదా రెండువందలమందికి పైగా వున్నారు. 2024 ఒలింపిక్ పోటీల ప్రారంభోత్సవం కోసం చాలా పెట్టెలు తీసేయాలని 2023లో పోలీసులు అన్నారు. అమ్మేవాళ్ళు ఒప్పుకోలేదు, ఊరివాళ్ళూ వాళ్ళ పక్షాన నిలిచారు. చివరికి 2024 ఫిబ్రవరిలో, పెట్టెలు కదిలించనక్కర్లేదని ఆ దేశాధ్యక్షుడే నిర్ణయించాడు.

అంత దూరం ఎందుకు? మన బెజవాడ లెనిన్ సెంటర్లో పాతపుస్తకాల కొట్లు ఎరగని విద్యార్థి వుండడు. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారంనాడు దుకాణాలు మూసివుంటే, వాటి ముందు పేవ్‌మెంటంతా పుస్తకాలే పరుస్తారు. మద్రాసు మూర్ మార్కెట్ కూడా ఇలాంటి కొట్లకి పేరుపడ్డదే. 1985లో అది కాలిపోయింది. కాలిపోయిన పుస్తకాన్ని ఎవరు తేగలరు?

ఈ అమ్మేవాళ్ళు చేసే పని చిన్నది కాదు. తూకానికి పోయిన కట్టల్లోంచి ఏరి, దుమ్ము దులిపి, ఊడిన అట్ట అంటించి, చదివేవాళ్ళ చేతికి అందిస్తారు. ఇందులో మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. మన రచయిత్రుల నవలలెన్నో వారపత్రికల్లోనే వచ్చాయి. అన్నీ పుస్తకాలుగా రాలేదు. అలాంటివాటిని బతికించింది, వారంవారం కాగితాలు దాచి బైండు చేయించుకున్న ఇల్లాళ్ళు. అమ్మమ్మ కుట్టిన కట్టను మనవరాలు తూకానికి వేస్తే, ఆ నవలకి మిగిలిన ఆఖరి ప్రతి అదే కావచ్చు.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. 1935లో తెనాలి ప్రాంతంలో పాతూరి నాగభూషణంగారి పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. రేవులో పడవ ఆగితే పుస్తకం ఇంటి ముంగిటికి వచ్చినట్టే. చీరాల దగ్గర వాడరేవుకి వెళ్ళేవాళ్ళు సముద్రం చూసి వచ్చేస్తుంటారు. ఆ చేరువలోనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం వుంది. మనం తూకానికి వేసేలాంటి పాతపత్రికలనే అక్కడ పదిలంగా దాచారు. వాటికోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వస్తుంటారు.

అందుకని ఈసారి ఇల్లు దులిపేటప్పుడు మూడు కట్టలు కట్టండి. దినపత్రికలు ఒక కట్ట. అది తూకానికే. పాఠ్యపుస్తకాలు రెండోది. ఆ వేసవిలోనే పాతపుస్తకాల కొట్టుకో, కింది తరగతి పిల్లలకో ఇచ్చేయండి. ఆలస్యమైతే సిలబస్ మారి ఎవరికీ పనికిరావు. మూడోది కథల పుస్తకాలు, బైండు చేసిన సీరియళ్ళు, పాత మాసపత్రికలు. వీటిని తొందరపడి పారేయకండి. దగ్గరలో వున్న గ్రంథాలయంవారికో, పాతపుస్తకాలాయనకో ఒకసారి చూపించండి. మన పేరు రాసుందని మొదటి కాగితం చించకండి. ఏ సంవత్సరం అచ్చయిందో, ఎవరు వేశారో చాలావరకు దాని వెనకే వుంటుంది. పుటల మధ్య దాచిన ఉత్తరాలూ ఫొటోలూ మాత్రం తీసుకోండి సుమండీ!

ఆ కట్టకి మీకు దక్కేది నాలుగు డబ్బులే కావచ్చు. ఎక్కడో ఒక ఆడపిల్ల సగం ధరకి పుస్తకం కొనుక్కుని పరీక్షకి కూర్చుంటుంది. ఇంకొకామె చిన్ననాడు సగంలో ఆగిపోయిన నవల పూర్తి చేసుకుంటుంది. అటక కూడా ఖాళీ అవుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

సెలవు.