క్రోమోజోముల్లో అంకె కన్నా అమరిక ముఖ్యం

మనిషి కణంలో 46 క్రోమోజోములుంటాయని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ అంకె ఖాయమైంది మాత్రం 1956లోనే. స్వీడన్‌లో జియో, లెవాన్ అనే ఇద్దరు సరిగ్గా లెక్కపెట్టేదాకా, ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాల్లో 48 అనే ఉండేది. ఆ తప్పుతో జన్యుశాస్త్రమేమీ కూలిపోలేదు. అంకె ఒక్కటే చెప్పగలిగేది చాలా తక్కువ మరి. ఎన్ని క్రోమోజోములున్నాయన్నది కాదు, వాటిలోని జన్యువులు సరైన మోతాదులో ఉన్నాయా, అవి పిల్లలకు సరిగా పంపకమవుతాయా అన్నవే అసలు ప్రశ్నలని నా వాదన.

మన నల్లమలలో కుక్కలా మొరిగే చిన్న జింక ఉంది. ఈ జాతి ఆడజింక కణంలో క్రోమోజోములు 6, మగదానిలో 7 అని 1970లో వెల్లడైనప్పుడు శాస్త్రజ్ఞులే నమ్మలేకపోయారు. పాలిచ్చే జంతువుల్లో ఇంతకన్నా తక్కువ ఉన్నది ఇప్పటికీ దొరకలేదు. దీని దగ్గరి చుట్టమైన చైనా జింకకు మనలాగే 46. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, జన్యువులూ దాదాపు అవే. ఒకే భారతాన్ని మూడు సంపుటాలుగా కుట్టినా, పద్దెనిమిదిగా కుట్టినా కథ మారదు కదా! పూర్వం విడిగా ఉన్న క్రోమోజోములు కొసకు కొస అతుక్కుపోయాయనడానికి ఆ అతుకుల దగ్గర పాత కొసల ఆనవాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. మనమూ ఇందుకు మినహాయింపు కాదు. చింపాంజీకి 48, మనకు 46. మన రెండో క్రోమోజోము నడుమ, మామూలుగా కొసల్లోనే ఉండే డీఎన్‌ఏ వరుసలు కనిపిస్తాయి. పనిచేయడం మానేసిన రెండో సెంట్రోమియర్ (కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటు) జాడ కూడా అందులోనే ఉంది.

అంకెకు విలువ లేకపోతే డాక్టర్లు ఎందుకు లెక్కపెడతారని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 47 ఉంటాయని 1959లో ఫ్రాన్స్‌లో లెజూన్ బృందం ప్రకటించింది. అక్కడ ఎక్కువైంది 21వ క్రోమోజోము. అన్నిటిలోకీ చిన్నది అదే, అయినా దాని మూడో ప్రతి చేరితే వందలాది జన్యువుల మోతాదు ఒకటిన్నర రెట్లవుతుంది. కష్టమంతా ఆ మోతాదుతోనే తప్ప 47తో కాదు. రుజువు కావాలంటే, వెయ్యి మందిలో సుమారు ఒకరికి 14, 21 లాంటి రెండు క్రోమోజోములు అతుక్కుని మొత్తం 45 మాత్రమే ఉంటాయి. వాళ్లు నిక్షేపంగా ఉంటారు. మరోవైపు, డౌన్ సిండ్రోమ్ ఉన్న కొద్దిమంది పిల్లల్లో లెక్క సరిగ్గా 46. అదనపు 21 వేరొక క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. లెక్కే చూసుకుంటే మొదటివాళ్లను రోగులనీ, రెండోవాళ్లకు ఏ లోపమూ లేదనీ అనేవాళ్లం.

అయితే అతుకు వల్ల ఏ హానీ లేదంటారా అంటే, అలా కూడా అనలేను. అతుకు ఉన్న మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, చిక్కంతా సంతానం దగ్గరే. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతలుగా ఎదురెదురుగా నిలిచి విడిపోవాలి. అతుక్కున్నది ఉంటే జత కుదరక, ఒక కణానికి ఎక్కువా మరొకదానికి తక్కువా వెళ్లవచ్చు. చైనాలో ఆ రెండు జింకలకు సంకరం చేస్తే పిల్లలు పుట్టాయి, బతికాయి కానీ వాటికి సంతానం కలగలేదు. మనుషుల్లో ఈ పంపకం తేడా పదేపదే గర్భస్రావంగా బయటపడుతుంది. అలా నష్టపోతున్న ప్రతి వంద జంటల్లో రెండు నుంచి ఐదు జంటల్లో, భార్యాభర్తల్లో ఒకరికి క్రోమోజోముల అమరికలో ఇలాంటి తేడా ఉంటుంది. ఆ ఒకరు భర్త కూడా కావచ్చు. అయినా మన ఇళ్లలో నింద కోడలి మీదికే పోతుంది, ఇది వట్టి అజ్ఞానం. కాబట్టి రెండుమూడు సార్లు గర్భం నిలవని ఇంట్లో కోడలిని ఒక్కదాన్నే ఆసుపత్రికి పంపకండి. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి, క్రోమోజోముల లెక్కనూ అమరికనూ చూసే కేరియోటైప్ పరీక్ష ఇద్దరికీ చేయమని అడగండి.