గుండెకణములోని తూములు

గుండె రోజునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొనును. ఈ పనికి కావలసిన ఇంధనము ఏటీపీ అను పదార్థము. దానిని మొదట కనుగొన్నవారిలో ఒకరు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్కేతో కలిసి కండరములను శోధించుచు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికిదీసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏటీపీని కనుగొనెను. సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవారు ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్‌ను తలచుకొందురు. ఏటీపీ మాట అంతగా వినబడదు. మా దృష్టిలో అది వానికి తీసిపోవునది కాదు.

ఏటీపీని దాచుకొను గాదె గుండెకు లేదు. ఉన్న నిలువ కొద్ది సెకండ్లలో ఖర్చయిపోవును. కనుక ఎప్పటికప్పుడు తయారు కావలెను. ఒక్క దినములో గుండె తయారుచేసి ఖర్చుపెట్టు ఏటీపీ, గుండె తూకమునకు పదిరెట్ల పైమాటే. ఈ తయారీ మైటోకాండ్రియాలలో జరుగును. గుండెకణములో ఇంచుమించు మూడవవంతు స్థలము వీనిదే.

ప్రతి మైటోకాండ్రియాకు రెండు పొరలు కలవు. లోపలిపొర చుట్టియున్న గర్భమున ఋణవిద్యుత్తు ఉండును. కణద్రవములోని పొటాసియము ధనవిద్యుత్తు కలది గనుక లోపలికి పోవుటకు ఎప్పుడును తహతహలాడుచుండును. అడ్డులేక పోనిచ్చినచో దాని వెంట నీరు చేరి, మైటోకాండ్రియా నానిన శనగగింజవలె ఉబ్బిపోవును. కావున లోపలిపొరలో దానికి ఇరుకైన దారులు కొన్ని మాత్రమే కలవు.

బాలాపూరు ప్రాంతపు శ్రోతలు ఇబ్రహీంపట్నము పెద్దచెరువును ఎరుగుదురు. చెరువు నిండియున్నను తూము ఎత్తనిదే నీరు పొలమునకు రాదు. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో చూచువాడు నీరటి. గుండెకణములోని పొటాసియపు తూములలో ఒక తెగకు నీరటి ఎవరనగా, సుబ్బారావుగారి ఏటీపీయే. ఏటీపీ సమృద్ధిగా ఉన్నంతవరకు తూము మూతపడియుండును. అది తరిగినప్పుడు తెరచుకొనును. ఇట్టి తూమును గుండెకణపు వెలుపలిపొరలో 1983లో జపాను శాస్త్రజ్ఞుడు అకినోరి నోమా కనుగొనెను. మైటోకాండ్రియా లోపలిపొరలోని దానిని 1991లో జపానువారే ఎలుక కాలేయమున చూచిరి.

దీనివలన గుండెకేమి మేలు? 1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనువారు కుక్కల గుండెకు నెత్తురు చేర్చు ఒక ధమనిని 40 నిమిషములు మూసి చూచిరి. కొన్ని కుక్కలకు మాత్రము అంతకుముందు 5 నిమిషముల చొప్పున నాలుగుమారులు మూసి తెరచిరి. ఎక్కువసేపు బాధపడిన గుండె ఎక్కువ చెడవలెను గదా! అట్లు కాలేదు. వానిలో చచ్చిన కండరము తక్కినవానితో పోల్చగా నాలుగవవంతే. అయితే 40 నిమిషములకు బదులు 3 గంటలు మూసినప్పుడు రెండు తరగతులకును భేదము కనబడలేదు.

ఈ కడపటి సంగతిని మేము ఒత్తి చెప్పుచున్నాము. వచ్చిపోవు గుండెనొప్పి గుండెను రాటుదేల్చునని ఇంటిలో కూర్చుండు పెద్దలు కలరు. ఈ రక్షణ కొంత గడువిచ్చునే కాని మూసుకొన్న ధమనిని తెరువదు. నొప్పి వచ్చినప్పుడు 108కు ఫోను చేయవలసినదే.

ఆ రక్షణలో మన తూమునకు పాలున్నదని తోచినది 1997లో. కీత్ గార్లిడ్ బృందమువారు డయజాక్సైడ్ అను మందుతో తూమును తెరచి, ముందుగా నెత్తురు ఆపి వదలకయే ఎలుక గుండెలను కాపాడిరి. కొద్దిగా పొటాసియము చేరుటచే మైటోకాండ్రియా గర్భము ముడుచుకొనిపోక నిలుచుననియు, లోపలికి పోవు కాల్షియము తగ్గుననియు, నెత్తురు తిరిగి వచ్చినవేళ పొర చిల్లులుపడి కణము చచ్చుట తప్పుననియు చెప్పుదురు. డయజాక్సైడ్ ఇతర పనులును చేయును గనుక, అసలట్టి తూమే లేదని వాదించినవారును కలరు. వారి సందేహము అన్యాయమైనది కాదు. తూము ఏ మాంసకృత్తులతో కట్టబడినదో చాలకాలము ఎవ్వరును చూపలేకపోయిరి. 2019లో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమువారు దాని రెండు భాగములను గుర్తించి, అందొక దానిని తొలగించినచో డయజాక్సైడ్ ఇచ్చు రక్షణ పోవుచున్నదని చూపిరి.

మధుమేహమునకు వాడు గ్లిబెన్‌క్లమైడ్ ఈ జాతి తూములను మూయును. క్లోమమునందలి తూము మూయుటచేతనే అది ఇన్సులిన్‌ను విడిపించును. అది వాడువారు ఈ మాట విని మాత్ర మానరాదు, వైద్యునితో ముచ్చటింపవచ్చును.

మనుష్యులలో ఫలితము ఇంకను చిక్కుగనే యున్నది. తూములు తెరచు నికోరాండిల్ అను మందును బ్రిటనులో 5000 మందికి పైగా గుండెనొప్పి రోగులలో పరీక్షించి, మేలు కనబడినట్లు 2002లో ప్రకటించిరి. కాని ఆ మందు వెలుపలి తూములను గూడ తెరచును, రక్తనాళములను వేరొక విధమున సడలించును; మేలులో మైటోకాండ్రియా వంతు ఎంతయో విడదీయుట కష్టము. గుండెపోటు వచ్చినవారి చేతికి పట్టీ బిగించి వదలుచు, దూరమునుండి గుండెకు రక్షణ నేర్పుటకు ఐరోపాలో 5000 మందికి పైగా రోగులపై జరిపిన పరీక్షలో ప్రయోజనము కనబడలేదని 2019లో తేలినది. వారిలో చాలమందికి ధమని అప్పటికే మంచి చికిత్సతో తెరువబడుచుండుట ఒక కారణము కావచ్చునని మా ఊహ.