పెద్ద వ్రాతలు, చిత్రములు: యంత్రమున పదిలపరచు విధము
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మన సంఘపు పాత తీర్మానముల పుస్తకములను, బడి దాఖలాలను, దానపత్రములను, పెద్దల ఛాయాచిత్రములను కంప్యూటరున కెక్కింపవలెనని సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. తెలుగునాటి వెలుపల మనము తరతరములుగా మన భాషతో బ్రదికితిమనుటకు ఆ కాగితములే సాక్ష్యము. కావున పని అప్పగించుటకు ముందు, వానిని ఏ అరలో ఎట్లు దాచుదురో మనము తెలిసికొనవలెను. మేము వర్తకులమే గాని యంత్రశాస్త్రజ్ఞులము కాము. అయినను సరకు దాచు మర్మము మనకు తెలియనిది కాదు.

డేటాబేసు అనునది గళ్లు గీసిన ఖాతాపుస్తకము వంటిది. పేరు, తేదీ, పైకము వంటివి గడిలో ఇముడును. ఎస్‌క్యూఎల్ సర్వరునందు ఒక పుట పరిమాణము 8 కిలోబైట్లే. నూరు పుటల దస్తావేజు అందులో పట్టదు. అందుచే సరకును గిడ్డంగిలో ఉంచి, గడిలో దాని జాడ తెలుపు చీటీని ఉంచుదురు. ఇందులకై మొదట టెక్స్ట్, ఎన్‌టెక్స్ట్, ఇమేజ్ అను రకములు ఏర్పడినవి. 2005 నాటి కూర్పునుండి వానికి మారుగా వార్‌చార్ మ్యాక్స్, ఎన్‌వార్‌చార్ మ్యాక్స్, వార్‌బైనరీ మ్యాక్స్ అనువానిని వాడుమనుచున్నారు. ఒక్కొక్కటి 2 గిగాబైట్ల వరకు పట్టును.

మన భాషకు గండము ఇచ్చటనే ఉన్నది. 'ఎన్' ముందున్న రకము యూనికోడు లిపులన్నిటిని గ్రహించును. అది లేని రకమున, సాధారణపు అమరికలో, తెలుగు వ్రాసినచో అక్షరములు పోయి ప్రశ్నార్థకపు గుర్తులు మిగులును. పిమ్మట వానినుండి తెలుగును ఎవరును రాబట్టలేరు.

మైఎస్‌క్యూఎల్ నందు చిక్కు వేరు. దాని టెక్స్ట్ గడి 65,535 బైట్లు పట్టును. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు మూడు కావలెను. 'స్త్రీ' అను ఒక్క అక్షరమున ఆరు సంకేతములు, అనగా 18 బైట్లున్నవి. కఠిన నియమము అమలున లేనిచో, పట్టని భాగమును యంత్రము కోసివేసి, హెచ్చరికతో సరిపెట్టును. దీర్ఘపత్రములకు మీడియంటెక్స్ట్ గాని లాంగ్‌టెక్స్ట్ గాని అడుగవలెను.

ఇక చిత్రములు. మైక్రోసాఫ్టు పరిశోధకులు 2006లో పరీక్షించి, 256 కిలోబైట్లకు లోబడినవి డేటాబేసులోను, 1 మెగాబైటుకు మించినవి విడి ఫైళ్లుగాను ఉండుట మేలని తేల్చిరి. నడిమివానికి సందర్భమును బట్టి నిర్ణయము. అయితే ఫైళ్లు విడిగా ఉన్నచో రెంటికిని ఒకేమారు నకలు తీయవలెను. గిడ్డంగి కాలిపోయిన పిమ్మట చీటీలుండి ఏమి లాభము?

తీయుటయందును మెలకువ కావలెను. పేర్ల పట్టిక అడిగినంతనే చిత్రములన్నిటిని మోసికొనివచ్చు ప్రోగ్రాము పనికిరాదు. పెద్ద పత్రమును, రాశిపోసిన ధాన్యమును తట్టలతో చేరవేసినట్లు, ముక్కలుగా తీయవలెను.

కావున సభ్యులకు మా విన్నపమిది. పైకము చెల్లించుటకు ముందు మిక్కిలి పొడవైన తెలుగు పత్రమొకటి ఎక్కింపించుడు. నకలునుండి దానిని వేరొక యంత్రమున తెరిపించి, మూలముతో కడపటి పంక్తి వరకు సరిచూడుడు. సరిపోయినను మూలపత్రములను పారవేయకుడు. మన పెద్దలు వానిని చెదలనుండి కాపాడి మనకప్పగించిరి. మన చేతులలో అవి ప్రశ్నార్థకములు కారాదు.