కొండ మీద లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును పిలిచాం కాబట్టి కాలువల గురించో వంతెనల గురించో చెబుతాడని మీరు అనుకుని ఉండవచ్చు. నేను సైకిల్ పందెం గురించి మాట్లాడతాను. అందులోనూ కొండలెక్కే పందెం గురించి. చూపు ఆనినంత మేర పత్తి చేలు, మిరప చేలు ఉండే చదును నేల మనది, ఇక్కడ కొండల ముచ్చట ఎందుకని నవ్వుకోకండి. కోటప్పకొండ మనదే, కొండవీడు మనదే. పైగా ఈ సభలో నలభై దాటిన వాళ్ళలో బడికి సైకిల్ తొక్కుకుంటూ రానివాళ్ళు తక్కువ. నేను చెప్పబోయే శాస్త్రంలో సగం మీ కాళ్ళకు ముందే తెలుసు.

ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్. 1903లో మొదలైంది. జూలై నెలలో మూడు వారాలు నడుస్తుంది. మొత్తం 21 రోజుల పరుగు, సుమారు 3,400 కిలోమీటర్లు. ఒక్కో రోజు పరుగును స్టేజి అంటారు. అన్ని స్టేజిల్లో పట్టిన సమయం కూడితే ఎవరిది తక్కువో వాళ్ళే విజేత. ఏ రోజుకారోజు మొత్తం లెక్కలో ముందున్నవాడు పసుపు జెర్సీ వేసుకుంటాడు. కాబట్టి ఒక్క స్టేజీ గెలవకుండా కూడా టూర్ గెలవవచ్చు. ఈ ఒక్క నియమం అర్థమైతే మిగతా ఎత్తుగడలన్నీ అర్థమవుతాయి.

చదును నేల మీద సైక్లిస్టుకు శత్రువు గాలి. ఎదురుగాలిలో బడికి వస్తున్నప్పుడు ముందొకణ్ణి పెట్టి వాడి వెనక దూరడం మనకెవరూ నేర్పలేదు, మనమే కనిపెట్టాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో తొక్కేవాడి శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వెనకున్నవాడికి అందులో దాదాపు మూడో వంతు మిగులుతుంది. అందుకే చదును మీద వందమంది గుంపులోంచి ఒకడు విడిపోవడం కష్టం.

కొండ మీద లెక్క మారిపోతుంది. ఆల్ప్స్‌లో కోల్ దు గ్రానోన్ అనే కనుమ ఉంది. 11.3 కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 9.2 శాతం. అంటే ప్రతి వంద మీటర్లకూ తొమ్మిది మీటర్లకు పైగా పైకి లేవాలి. మనిషి, సైకిల్, నీళ్ళ సీసా కలిపి 75 కిలోలు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే భూమ్యాకర్షణను ఎదిరించడానికే దాదాపు 337 వాట్లు కావాలి. గాలికీ టైర్ల రాపిడికీ కలిపి పోయేది ఇంకో నలభై వాట్లు. అంటే ఒక మనిషి అర హార్స్‌పవర్ మోటారులా 38 నిమిషాలు ఆగకుండా తిరగాలి. ఒంటి మీద ఒక్క కిలో ఎక్కువుంటే పైకి చేరేసరికి దాదాపు అర నిమిషం పోతుంది. ముందువాడి వెనక దాక్కుంటే మిగిలేది ఇక్కడ కొద్దిగానే. ఎవడి బరువు వాడే మోసుకోవాలి.

ఇలా చెబితే కొండ మీద బలమున్నవాడే గెలుస్తాడు, ఎత్తుగడకు చోటెక్కడిది అనిపిస్తుంది. దానికి జవాబు శరీరం పనిచేసే తీరులో ఉంది.

మన ఇంటి నీళ్ళ ఏర్పాటునే తీసుకోండి. బోరు నిమిషానికి ఇన్ని లీటర్లని ఇస్తుంది. అంతవరకు వాడుకుంటే చాలాసేపు ఇబ్బంది లేదు. అంతకు మించి కావాలంటే మేడ మీది ట్యాంకులోంచి రావాలి. ట్యాంకు చిన్నది. బోరు ఇచ్చేదానికంటే తక్కువ వాడినప్పుడే అది మళ్ళీ నిండుతుంది, అదీ నెమ్మదిగా. సైక్లిస్టు తన సొంత వేగంలో ఎక్కుతున్నంతసేపూ బోరు మీద నడుస్తున్నట్టు. ఎవడైనా ఒక్కసారిగా ముందుకు దూకితే, వాడితోపాటు దూకినప్పుడల్లా ట్యాంకు తగ్గుతుంది. నాలుగైదు దూకుళ్ళకు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఎంత గుండె ధైర్యమున్నా కాళ్ళు తిరగవు.

ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే లెక్క. మొదట్లోనే జతను అదిలించి ఉరికిస్తే ఈలలు బాగా పడతాయి. ఆఖరి నిమిషాల్లో బండ కదలదు.

కాబట్టి కొండ మీద పోటీదారుడి ముందు మూడు ప్రశ్నలుంటాయి. నా ట్యాంకులో ఎంతుంది? ఎదుటివాడి ట్యాంకులో ఎంతుంది? వాడి చేత ముందుగా ఖర్చు పెట్టించడం ఎలా? మూడు రోజుల కథలు చెబుతాను.

మొదటిది 1964 జూలై 12. ఫ్రాన్స్ మధ్యలో పుయ్ ద డోమ్ అనే చల్లారిన అగ్నిపర్వతం. పసుపు జెర్సీ జాక్ ఆంక్తీల్‌ది. అప్పటికే నాలుగుసార్లు టూర్ గెలిచినవాడు. వెనకే 56 సెకన్ల దూరంలో రేమోన్ పులిడోర్. రైతు కుటుంబంలో పుట్టినవాడు, జనానికి ఇష్టుడు. ఆ రోజు ఎక్కుడులో పులిడోరే బలవంతుడు. ఆంక్తీల్ దగ్గర అంత శక్తి లేదు. అలాంటప్పుడు ఎవరైనా పులిడోర్ వెనక చక్రం పట్టుకుని వేలాడతారు. ఆంక్తీల్ అలా చేయలేదు. పక్కకు వచ్చి, భుజానికి భుజం ఆనించి, సమానంగా తొక్కాడు. వెనక ఉంటే అలసిపోయాడని తెలిసిపోతుంది. పక్కన ఉన్నవాడు ఇంకా బలంగా ఉన్నాడేమో, ఇప్పుడు దూకితే నన్నే దాటిపోతాడేమో అని పులిడోర్ అనుకోవాలి. అనుకున్నట్టే పులిడోర్ ఆఖరి కిలోమీటరు దాకా దూకలేదు. దూకగానే ఆంక్తీల్ వెనకబడ్డాడు. ఆ కొద్ది దూరంలోనే పులిడోర్ 42 సెకన్లు సంపాదించాడు. జెర్సీకి ఇంకా 14 సెకన్లు తక్కువ పడ్డాయి.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. ఇద్దరు స్పెయిన్ వాళ్ళు, హిమేనెజ్, బాహమోంతెస్, అంతకు ముందే పైకి వెళ్ళిపోయారు. మొదటి రెండు స్థానాలకు ఇచ్చే బోనస్ సమయం వాళ్ళకు పోయింది, పులిడోర్‌కు దక్కలేదు. తనకు ప్రమాదం లేనివాణ్ణి ముందుకు పోనివ్వడం కూడా ఎత్తుగడే. చివరి రోజున ఒక్కొక్కరూ విడివిడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్. అది ఆంక్తీల్ విద్య. టూర్‌ను 55 సెకన్లతో గెలిచాడు. పులిడోర్ తన జీవితంలో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు గాని, ఒక్క రోజు కూడా పసుపు జెర్సీ వేసుకోలేకపోయాడు.

రెండో కథ 2011 జూలై 21. టూర్ మొదటిసారి గాలిబియె కనుమ ఎక్కి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు. ఆ గౌరవార్థం ఆ రోజు పరుగు ఆ కనుమ మీదే, సుమారు 2,645 మీటర్ల ఎత్తున ముగుస్తుంది. మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లకు లోపే. లక్సెంబర్గ్‌కు చెందిన ఆండీ ష్లెక్ ఇంకా 60 కిలోమీటర్లు ఉండగానే ఇజోవార్ కనుమ మీద ఒంటరిగా దూకాడు. చూసేవాళ్ళకు అది తెగింపు. నిజానికి వాళ్ళ జట్టువాళ్ళు ఇద్దరు పొద్దున్నే ముందు గుంపులో చేరి ఉన్నారు. కొండ దిగాక వచ్చే లోయలో, ఎదురుగాలిలో, ఆండీకి అడ్డుగా నిలిచి తొక్కడానికి వాళ్ళను ముందే పంపారు. మనం బోరు, ట్యాంకు అనుకున్నది వాళ్ళూ అనుకున్నారన్నమాట.

వెనక ఉన్నవాళ్ళ సంగతే అసలు పాఠం. పోటీదారులంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ముందుకొచ్చి తరిమేవాడి ట్యాంకు ఖాళీ అవుతుంది, వెనక కూర్చున్నవాడు లాభపడతాడు. ఆండీ అన్న ఫ్రాంక్ ఆ గుంపులోనే ఉన్నాడు. తమ్ముణ్ణి తరమాల్సిన పని అతనికి లేదు. తేడా నాలుగు నిమిషాలు దాటింది. అప్పుడు ఆస్ట్రేలియాకు చెందిన 34 ఏళ్ళ కాడెల్ ఎవాన్స్ ముందుకొచ్చాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందరినీ వెనక మోసుకుంటూ ఆ కనుమంతా తనే తొక్కాడు. చివర్లో ఫ్రాంక్ అతన్ని దాటిపోయాడు కూడా. పైకి చేరేసరికి ఎవాన్స్ ఆండీ కంటే 2 నిమిషాల 15 సెకన్లు వెనక ఉన్నాడు.

ఆ రోజు పత్రికల్లో వీరుడు ఆండీయే. మర్నాడు పసుపు జెర్సీ కూడా అతనిదే, ఎవాన్స్ కంటే 57 సెకన్ల ముందు. ఆ మర్నాడు గ్రెనోబుల్‌లో 42.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఎవాన్స్ అతని కంటే 2 నిమిషాల 31 సెకన్లు వేగంగా తొక్కి, మొత్తం మీద 1 నిమిషం 34 సెకన్లతో టూర్ గెలిచాడు. టూర్ గెలిచిన మొదటి ఆస్ట్రేలియన్ అతనే. గాలిబియె మీద ఆ రెండు నిమిషాలే నాలుగో ఐదో అయి ఉంటే గ్రెనోబుల్‌లో ఏం చేసినా సరిపోయేది కాదు. పక్కవాడు సాయానికి రాలేదని తనూ ఆగి ఉంటే ఎవాన్స్ టూర్ అక్కడే పోయేది.

మూడో కథ 2022 జూలై 13. ఇందాక లెక్క వేసిన గ్రానోన్ కనుమ. పసుపు జెర్సీ స్లోవేనియాకు చెందిన తాదెయ్ పొగాచర్‌ది. అంతకు ముందు రెండేళ్ళూ గెలిచినవాడు. డెన్మార్క్‌కు చెందిన యోనాస్ వింగెగార్డ్ 39 సెకన్లు వెనక ఉన్నాడు. వింగెగార్డ్ జట్టులోనే ప్రిమోష్ రోగ్లిచ్ ఉన్నాడు. 2020లో చివరి ముందు రోజు దాకా జెర్సీ వేసుకుని, ఆ ఒక్క రోజున పొగాచర్‌కు టూర్ పోగొట్టుకున్నవాడు. 2022లో మొదటి వారంలోనే పడి, భుజం దెబ్బతిని, సమయం పోగొట్టుకున్నాడు.

ఆ రోజు గ్రానోన్‌కు ముందు గాలిబియె ఎక్కాలి. అక్కడ ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకసారి రోగ్లిచ్ దూకుతాడు, పొగాచర్ పట్టుకుంటాడు. పట్టుకోగానే వింగెగార్డ్ దూకుతాడు. మళ్ళీ రోగ్లిచ్. పొగాచర్ ప్రతిసారీ తనే జవాబిచ్చాడు. చూస్తుంటే అతన్ని కొట్టేవాడే లేడనిపించింది. ఆ తర్వాత, గ్రానోన్ మీద ఇంకో ఐదు కిలోమీటర్లు మిగిలి ఉండగా వింగెగార్డ్ దూకాడు. పొగాచర్ కాళ్ళు రాలేదు. జెర్సీ జిప్పు పూర్తిగా విప్పుకుని, తల ఊగించుకుంటూ ఎక్కాడు. ఆ చివరి ఐదు కిలోమీటర్లలో 2 నిమిషాల 51 సెకన్లు పోయాయి. జెర్సీ చేతులు మారింది. వింగెగార్డ్ ఆ టూర్‌ను 2 నిమిషాల 43 సెకన్లతో గెలిచాడు. రోగ్లిచ్ అంతకు కొద్ది రోజుల ముందే గాయాలతో ఇంటికి వెళ్ళిపోయాడు. గెలుపు పట్టికలో అతని పేరు లేదు. కాని గాలిబియె మీద అతను ఖర్చు చేయించిన శక్తికి ఫలితమే గ్రానోన్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ టూర్‌లోనే ఎనిమిది రోజుల తర్వాత పిరనీస్ కొండల దిగుడులో వింగెగార్డ్‌ను తరుముతూ పొగాచర్ కింద పడ్డాడు. వింగెగార్డ్ వేగం తగ్గించి అతను లేచి వచ్చేదాకా ఆగాడు. పొగాచర్ చెయ్యి చాచాడు, ఇద్దరూ చేతులు కలిపారు. ఆ సాయంత్రం చివరి కొండ మీద వింగెగార్డ్ అతన్ని మళ్ళీ ఓడించాడు.

ఈ పందెంలో అంతా ఇంత తెల్లగా లేదు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా గెలిచిన 7 టైటిళ్ళు డోపింగ్ కారణంగా 2012లో రద్దయ్యాయి. ఆ ఏడేళ్ళకూ విజేత పేరు ఉండవలసిన చోటు ఇప్పటికీ ఖాళీ. అందుకే ఆ ఏళ్ళ కథ ఒక్కటీ మీకు చెప్పలేదు. ట్యాంకులోకి దొంగ నీళ్ళు పోసుకున్నవాడి ఎత్తుగడ నుంచి నేర్చుకునేది ఏమీ లేదు.

ఈ బడి సభలో ఇదంతా ఎందుకు చెబుతున్నానో అమ్మానాన్నలకు, మాస్టార్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లల చదువు ఎప్పుడో కొండ పందెం అయిపోయింది. పక్కింటి అబ్బాయి ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సులో చేరితే మనవాడూ చేరాలి. ఎదురింటి అమ్మాయి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే మన పిల్ల మూడున్నరకు లేవాలి. ప్రతి దూకుడుకూ జవాబు. పొలంలోనూ అంతే. ఒక ఏడు మిర్చికి ధర పలికితే మరుసటి ఏడు ఊరంతా కౌలుకు తీసుకుని మరీ మిరపే. గాలిబియె మీద పొగాచర్ చేసిందీ ఇదే. అతను ఆ తర్వాత మళ్ళీ టూర్ గెలిచాడు, ఎందుకంటే మరుసటి జూలై ఎప్పుడూ ఉంటుంది. పదహారేళ్ళ పిల్లవాడి ట్యాంకు ఖాళీ అయితే మళ్ళీ నిండేదాకా ఆగే ఓపిక మన ఇళ్ళల్లో ఉందా అన్నది నా ప్రశ్న.

పరుగెత్తవద్దని నేను అనడం లేదు. ఎవాన్స్‌లా ఎవరూ తోడు రాకపోయినా తరమాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకు ట్యాంకులో నీళ్ళుండాలి. మిగతా రోజుల్లో ఎదుటివాడు 42 సెకన్లు తీసుకుపోతే పోనివ్వండి, మన దగ్గర 56 ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ లెక్క పిల్లవాడికి ఒక్కడికే తెలియదు, పక్కన ఉన్న పెద్దవాళ్ళు చూసి చెప్పాలి. ఈ బడిలో మాకు అలా చూసి చెప్పిన మాస్టార్లు ఉండేవారు. వాళ్ళ పేర్లు ఏ గెలుపు పట్టికలోనూ లేవు. ఈ ప్రాంగణంలో ఇవాళ కూర్చున్న ప్రతి వాళ్ళ వెనకా వాళ్ళు తొక్కిన కిలోమీటర్లు ఉన్నాయి.

పిల్లలకు ఒక మాట. సెలవు రోజున పెద్దవాళ్ళను తోడు తీసుకుని కొండవీడు ఘాట్ రోడ్డు గాని, కోటప్పకొండ ఘాట్ రోడ్డు గాని సైకిల్ మీద ఎక్కి చూడండి. మొదటి మలుపులో స్నేహితుడు దాటిపోతే పోనివ్వండి. మీ వేగంలో మీరు ఎక్కండి. పైన మళ్ళీ కలుస్తారు.