కంప్యూటరు విద్యకు మొదటి పుస్తకము

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో మాటలాడుదునని మీరు తలచియుందురు. ఇన్నేండ్లుగా ఈ అరుగుమీద నేను చదివి వినిపించినవి అవియే. నేడు మాత్రము వేరొక విషయము ఎన్నుకొంటిని. ఏమియు తెలియనివాడు కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయుట నేర్వగోరినచో మొదట ఏ పుస్తకము చేతబట్టవలెను? రజతోత్సవ నిధిలో కొంత సొమ్ముతో ఈ విద్యకు సంబంధించిన పుస్తకములు కొనవలెనని కార్యవర్గమువారు నిశ్చయించి, ఎన్నిక చేయువారిలో నన్ను గూడ చేర్చినారు. ఈ విద్యలో నేను పండితుడను కాను. పుస్తకము ఎన్నుకొనుటలో ఒక పెద్ద తప్పు చేసినవాడను. ఆ యర్హతతోనే మాటలాడుచున్నాను.

మా తండ్రిగారు ఈ యూరి కరణము. 1984లో ఆ పదవులు రద్దయినవి. సహకార సంఘములోను, బియ్యపు మిల్లులోను పద్దులు వ్రాసి నేను కాలము గడుపుచున్నను, ఊరివారు అభిమానముతో నన్ను నేటికిని కరణముగారనియే పిలుచుచున్నారు. నాకు గురువులు లేరు. వచ్చిన నాలుగు పద్యములును ఈ బీరువాలలోని పుస్తకములే నేర్పినవి. అందువలన నాకొక దురభిమానము పట్టుకొన్నది. ఏ విద్యయైనను దాని మహాగ్రంథముతోనే మొదలుపెట్టవలెననియు, చిన్న పుస్తకములు చిన్న బుద్ధులకనియు అనుకొనుచుంటిని.

2009లో మా అన్నగారి కుమారుడు ఇంజనీరింగు చదువున చేరినాడు. మొదటి సంవత్సరముననే సి అను కంప్యూటరు భాష ఉన్నది. నేను పట్టణములోని పుస్తకాల అంగడికి పోయి, ఈ భాషలో అన్నిటికంటె గొప్ప గ్రంథమేదియని అడిగితిని. బ్రయన్ కెర్నిహన్, డెనిస్ రిచీ అను ఇరువురు వ్రాసిన 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అను పుస్తకము చూపినారు. 1978లో మొదట వెలువడి, 1988లో రెండవ కూర్పు పొందిన ప్రసిద్ధ గ్రంథమది. రిచీ ఆ భాషను నిర్మించినవాడే. భాషను పుట్టించినవాడే దాని మర్మము చెప్పుచుండగా మరియొకరితో పనియేమి? పైగా పుస్తకము మూడువందల పుటలకు లోపు. పలుచనిది గనుక సులభమనుకొంటిని. కొని ఇచ్చితిని.

కుర్రవాడు రెండు నెలలు దానితో కుస్తీ పట్టినాడు. ఒక ఆదివారము పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టి, "బాబాయ్, నాకు అర్థం కావడం లేదు. నాకంత బుర్ర లేదేమో" అన్నాడు. ఏ పుట దగ్గర ఆగినావు, ఏ మాట తెలియలేదు అని నేను అడుగవలసియున్నది. అడుగలేదు. "అందరికీ అన్ని విద్యలూ రావులేరా" అంటిని. ఓదార్పని పలికిన ఆ మాట తీర్పయి కూర్చున్నది. ఆ యేటి చివర చదువు మాని ఇంటికి వచ్చినాడు. ఇప్పుడు ఎరువుల దుకాణము చక్కగా నడుపుకొనుచున్నాడు. కాని ఆ విద్య మాట యెత్తినచో నేటికిని తల దించుకొనును.

పిమ్మట పండ్రెండేండ్లకు, 2021లో, మిల్లు పద్దులు కంప్యూటరులోనికి మారినవి. ఆ యంత్రము చేత పని చేయించు విద్యపై నాకే ఆశ పుట్టినది. మన బీరువాలోనే, ఎవరో దయతో ఇచ్చిన, పైథాను అను భాషకు సంబంధించిన పుస్తకము దొరికినది. నాకు తెలిసినది వడ్డీ లెక్క. నూటికి నెలకు రెండు రూపాయల వంతున మూడు నెలలకెంత? పలక పట్టిన బాలుడైనను ఆరు అని చెప్పును. వడ్డీని నేను మీటలపై కొట్టగా దానిని మూడుతో గుణించి చెప్పుమని, పుస్తకములో ఉన్నట్లే ఆజ్ఞ వ్రాసితిని. వ్రాత తప్పని యంత్రము త్రోసివేసినది. కొన్ని దినములు తల బద్దలుకొట్టుకొని, ఒకచోట కుండలీకరణములు తగిలించితిని. అప్పుడు జవాబు వచ్చినది. ఆరు కాదు, 222! నా వృత్తిలో అట్టి వడ్డీ కట్టినవానిని ఊరినుండి తరిమివేయుదురు.

నాకు బుర్ర లేదని నిశ్చయించుకొని పుస్తకము మూసివేసితిని. కొన్ని నెలల పిమ్మట పాలిటెక్నిక్ చదువుచున్న ఎదురింటి అమ్మాయి ఏదో పనిమీద వచ్చి, ఆ పుస్తకమును తిరుగవేసి, "మామయ్యగారూ, తప్పు మీది కాదండీ. ఇది పాత పుస్తకం. అచ్చయిన సంవత్సరం చూశారా?" అన్నది. అసలు సంగతి యిది. పైథాను భాషకు 2008 డిసెంబరులో మూడవ రూపము వచ్చినది. రెండవ రూపమునకు పోషణ 2020 జనవరి 1తో నిలిచిపోయినది. పుస్తకము రెండవ రూపమునకు వ్రాసినది; మన యంత్రములో నున్నది మూడవది. పాత రూపములో, ఆ పుస్తకము చెప్పిన ఆజ్ఞతో, మీటపై కొట్టిన 2 సంఖ్యగా చెల్లుచుండెను. క్రొత్త రూపములో అది వట్టి అక్షరము. అక్షరమును మూడుతో గుణింపుమన్నచో ముమ్మారు వ్రాయుమని దాని యర్థము. అందుచే యంత్రము 222 అని వ్రాసినది. దీనిని సంఖ్యగా గ్రహింపుమని చెప్పు చిన్న మాట యొకటి చేర్చగానే ఆరు వచ్చినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అటకపై నున్న సి పుస్తకమును దించి, మొట్టమొదటిసారిగా దాని పీఠిక చదివితిని. ఇది ప్రోగ్రాము వ్రాయుట మొదట నేర్పు పుస్తకము కాదనియు, ఆ విద్యలోని ప్రాథమిక విషయములు పాఠకునకు కొంత తెలిసియుండవలెననియు రచయితలు అందు స్పష్టముగా చెప్పియున్నారు. వారు దాచలేదు. నేను చదువలేదు. పద్దు చూడక సంతకము పెట్టినవాని పాపము వంటిది నాది.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. పాణిని సూత్రములు సుమారు నాలుగువేలు. భట్టోజీ దీక్షితులు వాటిని విషయక్రమమున అమర్చి సిద్ధాంతకౌముది రచించినారు. అదియు క్రొత్తవారికి భారమగునని శిష్యుడైన వరదరాజు లఘుకౌముది కూర్చినాడు. గురువుగారి గ్రంథమును కుదించినందుకు ఆయనను ఎవరును చిన్నచూపు చూడలేదు. మరి మన చిన్నయసూరిగారి గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరు. గురువు లేక దానిని దాటిన బాలురెందరో మీకే తెలియును. అట్టమీది మాటను బట్టి లోపలి దారిని నిర్ణయింపరాదు. ఇరువదియొక్క దినములలో ఈ విద్య వచ్చునని అట్టలపై వ్రాసికొను పుస్తకములకును ఇదే న్యాయము.

పాశ్చాత్య దేశమునుండి ఒక్క ఉదాహరణము. అమెరికాలో అలెన్ డౌనీ అను ఉపాధ్యాయుడు 1999లో ప్రోగ్రాము విద్య బోధింపవలసి వచ్చినది. అంతకుముందు తరగతులలో చాలమంది తప్పినారు. ఆయన విద్యార్థుల తెలివిని నిందింపలేదు. పాఠ్యపుస్తకము మరీ లావుగా నున్నది, అనవసర విషయము నిండియున్నదని కనుగొని, తానే చిన్న పుస్తకము వ్రాసినాడు. ఏబది పుటలు చదువక మానుటకంటె పది పుటలు చదువుట మేలని ఆయన లెక్క. ఎవరైనను మార్చి వాడుకొనవచ్చునని అనుమతి యిచ్చినందున, వర్జీనియాలోని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు జెఫ్ ఎల్క్‌నర్ దానిని జావా భాషనుండి పైథానుకు మార్చినాడు. అదియే పెరిగి 'థింక్ పైథాన్' అను పుస్తకమైనది. పది సంవత్సరముల ముందు ఒక గురువు గుర్తించిన ఆ సంగతి, 2009లో నా బల్ల దగ్గర నాకు తట్టలేదు.

కావున మొదటి పుస్తకమును ఎట్లు పరీక్షింపవలెనో నాకు తోచినది మనవి చేసెదను.

మొదట పీఠిక చదువవలెను. ఎవరికొరకు వ్రాసినారో అక్కడ నుండును. రెండవది, అచ్చయిన సంవత్సరము చూచి, అది చెప్పు భాషారూపమును మన యంత్రములోని రూపమును ఒకటియేనా అని విచారింపవలెను. భారతమునకు ప్రాత ప్రతి విలువైనది. ఈ విద్యకు ప్రాత ప్రతి ఉరి. మూడవది, మొదటి పది పుటలు అక్కడనే చదువవలెను. వివరింపని మాట ఎన్నిసారులు అడ్డుపడినదో లెక్కించుకొనవలెను. నాలుగవది, ఆ పది పుటలలో చేతికి పని యున్నదా? ఈ విద్య ఈత వంటిది. వ్రాసి, నడిపి, తప్పి, దిద్దుకొనినగాని రాదు. తప్పు వచ్చినప్పుడు యంత్రము చెప్పు మాటలకు అర్థమేమో చెప్పు పుస్తకము ఉత్తమము. అయిదవది, నేర్చి ఏమి చేయదలచితిమో ముందు తెలిసియుండవలెను. లెక్కలు, జాబితాలు, కార్యాలయపు పనులు చేసికొనదలచినవారికి ఆల్ స్వైగార్ట్ వ్రాసిన 'ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' తగును. 2015లో మొదట వచ్చినది. ఇంటర్నెట్టులో ఉచితముగా చదువవచ్చును. విద్యను క్రమముగా నేర్వదలచిన విద్యార్థికి 'థింక్ పైథాన్' తగును. సి భాష పరీక్షకు చదువవలసినవారు గూడ అట్టి ప్రాథమిక పుస్తకమొకటి ముగించి, ఆ పిమ్మట రిచీగారి గ్రంథమును తెరచినచో దాని గొప్పతనము తెలియును.

ఆంగ్లము రాదని కొందరు జంకుదురు. పైథానులో భాష తనకై ఉంచుకొన్న మాటలు నేడు 35 మాత్రమే. నిఘంటువు దగ్గర పెట్టుకొని నేను చదువగలిగితిని. పావులూరి మల్లన సంస్కృత గణితమును తెనుగు పద్యములలోనికి తెచ్చినట్లు, ఈ విద్యను మన యూరి లెక్కలతో తెనుగున చెప్పు పుస్తకములు మరిన్ని రావలెను.

ఇప్పుడు యంత్రమే అడిగిన ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచున్నది గదా, పుస్తకమేల అని కొందరు యువకులు అడిగినారు. 222 తప్పని నాకెట్లు తెలిసినది? ఆరు అని నాకు ముందే తెలియును గనుక. పద్దు తెలియని యజమానికి గుమాస్తా ఎంత సమర్థుడైనను భయమే.

రంగనాథన్‌గారు 1931లో మద్రాసున ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో, పాఠకునకు తగిన పుస్తకమును చేర్చుట ఒకటి. పుస్తకమునకు తగిన పాఠకుని చేర్చుట మరియొకటి. ఒక గొప్ప పుస్తకమును, ఒక తెలివిగల కుర్రవానిని తగని వేళ కలిపి, ఇద్దరికిని అన్యాయము చేసినవాడను నేను. అర్థము కానప్పుడు ముందు పుస్తకమును మార్చవలెను. మనిషిని తీర్పు తీర్చరాదు.

మా అన్నగారి కుమారుడు ఆ వెనుక వరుసలో కూర్చున్నాడు. నాయనా, నీకు బుర్ర లేకపోలేదు. నేను తెచ్చిన పుస్తకము అప్పటికి నీది కాదు, అంతే. ఆనాడు నేనన్న మాటను ఈ సభలో వెనుకకు తీసికొనుచున్నాను. క్రొత్త పుస్తకములు రాగానే మొదటి పది పుటలు నీవును నేనును ఇక్కడనే కూర్చుండి చదువుదము. నీకు ఇష్టమైనచోనే సుమా.

 గ్రంథాలయము వర్ధిల్లుగాక.