చెవికి గురువు, చేతికి పని: ధ్వని వృత్తిలో శిష్యరికం



నగర్తపేటలోనూ, దానిని ఆనుకొని ఉన్న సదర్ పట్రప్ప రోడ్డులోనూ నివసించే తెలుగు కుటుంబాలకు స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, కేబుల్ చుట్టలు నిత్యం కంటబడే వస్తువులే. వాటిని అమ్మేవారు, మరమ్మతు చేసేవారు, అద్దెకు ఇచ్చేవారు ఈ వీధులలోనే ఉన్నారు. వారి వద్ద పనికి చేరిన యువకులలో కొందరు స్టూడియోలలో స్థిరపడతారు, కొందరు పదేళ్లు గడిచినా పెట్టెలు మోసే దగ్గరే ఆగిపోతారు. ఇద్దరూ ఒకే గుమ్మం తొక్కినవారే. ఈ తేడా ఎక్కడ పుడుతుందన్నదే నేటి ప్రసంగ విషయం.

పని చేస్తూ ధ్వనివిద్యను నేర్వడం ఈ దేశంలో కొత్త సంగతి కాదు. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైనది. శబ్దగ్రహణ యంత్రంతో పాటు విల్‌ఫోర్డ్ డెమింగ్ అనే అమెరికన్ నిపుణుడు వచ్చాడు. ఆయన అడిగిన ప్రతిఫలం రోజుకు 100 రూపాయలు. ఆనాటికి అది మోయలేని భారం. నిర్మాత అర్దేశిర్ ఇరానీ, ఆయన సహచరుడు రుస్తుం భరూచా డెమింగ్ వద్ద మూలసూత్రాలు గ్రహించి, శబ్దగ్రహణాన్ని తామే నిర్వహించారు. స్టూడియో ప్రక్కనే రైలు మార్గం. అందువలన రైళ్లు ఆగిన అర్ధరాత్రి వేళ చిత్రీకరణ జరిగేది. మైకులను నటుల సమీపంలో కెమెరా కంట పడకుండా దాచేవారు. రైలు కూత ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పనిలో ఎదురైన చిక్కుకు పనిలోనే పరిష్కారం దొరికింది.

మరుసటి సంవత్సరమే తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడింది. దానికి దర్శకత్వం వహించిన హెచ్.ఎం.రెడ్డి బెంగళూరులో పుట్టినవారు. ఏలూరు ప్రాంతం నుండి బొంబాయి చేరి చిన్నాచితకా పనులతో జీవితం ప్రారంభించిన ఎల్.వి.ప్రసాద్ ‘ఆలం ఆరా’లోనూ, ‘భక్త ప్రహ్లాద’లోనూ నటించారు. ఒక్కొక్క శాఖలో పని నేర్చుకుంటూ దర్శకులై, నిర్మాతలై, మద్రాసులో ప్రసాద్ స్టూడియోను స్థాపించారు. 1982కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. పొట్ట చేతపట్టుకొని పరాయి ఊరికి వెళ్లిన తెలుగువారికి ఆయన జీవితం పరిచితమైన కథే.

ఇక ధ్వని వృత్తిలో శిష్యునికి మొదట దక్కేది కేబుల్. దానిని మెలికపడకుండా చుట్టడం, తెగిన చోట టంకం వేయడం తొలి నెలల పని. చూచేవారికి ఇది కూలిపని వలె తోచవచ్చు. అయితే మైకు కేబుల్‌లో మూడు తీగలు ఎందుకున్నాయో అడిగిన శిష్యునికి అక్కడే శాస్త్రం మొదలవుతుంది. రెండు తీగలలో ఒకే సంకేతం పరస్పరం వ్యతిరేక ధ్రువతతో సాగుతుంది. దారిలో సోకిన రొద రెండింటిలోనూ ఒకే విధంగా చేరుతుంది. అవతలి కొసన ఒకదాని నుండి మరొకదానిని తీసివేసినప్పుడు రొద తొలగి, గొంతు మిగులుతుంది. మూడవ తీగ భూమికి చెందినది. ఈ కారణం తెలిసినవాడు చెడిన కేబుల్‌ను వెదకి పట్టుకుంటాడు. తెలియనివాడు కేబుళ్లన్నీ మార్చి చూస్తాడు.

తరువాతి మెట్టు మైకు. స్పీకరు నుండి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరి, పెరిగి పెరిగి కూతగా మారుతుంది. అనుభవం లేనివాడు వెంటనే మొత్తం శబ్దాన్ని తగ్గిస్తాడు. గురువు మైకును వక్త నోటికి దగ్గర చేస్తాడు, స్పీకరును మైకు ముందుకు జరుపుతాడు, అప్పటికీ తగ్గకపోతే కూస్తున్న స్వరస్థాయిని మాత్రమే తగ్గిస్తాడు. ఆ స్వరస్థాయిని చెవితో గుర్తించడానికి నెలల సాధన కావాలి.

మూడవ మెట్టు స్థలజ్ఞానం. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి దేవాలయం నుండి కరగ బయలుదేరినప్పుడు ఈ పాత పేట వీధులు జనంతో నిండిపోతాయి. ఇరుకు వీధిలో ఒకే పెద్ద స్పీకరు పెట్టి శబ్దం పెంచితే దగ్గరివారికి చెవిపోటు, దూరపువారికి గోడల ప్రతిధ్వని. చిన్న స్పీకర్లను దూరదూరంగా అమర్చడం మేలు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, 34 మీటర్ల అవతలి స్పీకరు ధ్వని సెకనులో పదవ వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ లెక్క ప్రకారం దగ్గరి స్పీకరును ఆలస్యపరిస్తే రెండు మాటలూ ఒక్కటిగా వినబడతాయి. ఇక్కడ చేతిపని, లెక్క, చెవి మూడూ కలుస్తాయి.

ఇంతకీ పెట్టెలు మోసే దగ్గరే ఆగిపోయినవారికి లోపించినది శ్రమ కాదు, కారణజ్ఞానం. ఏ మీట తిప్పాలో మాత్రమే తెలిసినవాడు యంత్రం మారగానే మళ్లీ మొదటికి వస్తాడు. ఆ మీట ఎందుకు తిప్పాలో తెలిసినవానికి కొత్త యంత్రం పరిచయానికి రెండు రోజులు చాలు. అందువలన ప్రతి శిష్యుడూ ఒక నోటుపుస్తకం ఉంచుకోవాలి. ఆ రోజు ఏమి చెడింది, ఎట్లా బాగుపడింది, ఎందుకు అని మూడు వాక్యాలు వ్రాసుకున్నా, కొన్నేళ్లకు అది అతని సొంత పాఠ్యగ్రంథమవుతుంది.

చదువు ఈ దారికి శత్రువు కాదు. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందినవారే. ఈ నగరానికి చేరువలో హెసరఘట్టలోని ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ సంస్థ శబ్దగ్రహణంలో డిప్లొమా ఇస్తున్నది. అప్పుచేసి ప్రైవేటు కోర్సులో చేరదలచినవారు ముందు ఆరు నెలలు దుకాణంలోనో స్టూడియోలోనో పనిచేసి చూడడం శ్రేయస్కరం. అప్పటికి ఈ పనిపై మక్కువ నిలుస్తుందో లేదో తేలిపోతుంది. ఏ ప్రశ్నలతో తరగతిలో కూర్చోవాలో కూడా తెలుస్తుంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. అప్రెంటిస్ చట్టం 1961లో చేయబడినది. దాని క్రింద నమోదైన ఒప్పందం ఉంటే శిష్యునికి నెలసరి భృతి లభిస్తుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న దుకాణాలకు ఆ నమోదు వర్తించకపోవచ్చు. అట్టిచోట కూడా ఎంతకాలం నేర్పుతారు, ఎంత ఇస్తారు, ఎప్పటి నుండి మిక్సర్ వద్ద నిలబెడతారు అన్న మూడు సంగతులు కాగితంపై ఉండడం ఇరుపక్షాలకూ గౌరవం. రాత్రి కార్యక్రమం ముగిశాక ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి. ఆ ఏర్పాటు ఉంటే ఆడపిల్లలకు ఈ వృత్తిలో మూసుకొనే తలుపు లేదు.

చెవి ఈ వృత్తికి మూలధనం. 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదని నిపుణుల సూచన. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. పోయిన వినికిడి మందులతో తిరిగిరాదు. చెవిలో పెట్టుకొనే రక్షణ బిళ్లల ధర స్వల్పం, వాటిని మొదటి రోజు నుండే వాడాలి.

నగర నియమాలు తెలిసి ఉండడం కూడా పనితనంలో భాగమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడరాదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. పెళ్లివారో, ఉత్సవ నిర్వాహకులో ఇంకా పెంచమని ఒత్తిడి చేసినప్పుడు మర్యాదగా కాదనగలిగినవాడే పూర్తి పనివాడు. పెంచడం ఎవరికైనా చేతనవును. ఎక్కడ తగ్గించాలో తెలిసినవానినే మరుసటి ఏడు కూడా పేరుపెట్టి పిలుస్తారు.